జిబ్బి మరిచిపోయిన భాష

మంజీర జిబ్బిని తయారుచేసినప్పుడు దానికి ఒక్క తెలుగు మాట కూడా నేర్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే.

విశాఖపట్నంలో ఆమె పనిచేసే కేంద్రంలో మాటలు రాని పిల్లలకు పదకొండేళ్ళుగా చికిత్స జరుగుతోంది. అటువంటి పిల్లల కోసం టాబ్లెట్ మీద ఆడుకునే ఆట ఒకటి తయారుచేయమని ఆమెకు పని అప్పగించారు. తీరా చూస్తే ఆటలో బొమ్మకే మాటలు రావు. డైరెక్టరు శేషగిరిగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "పంతులుకే అక్షరాలు రాకపోతే ఇక బడెందుకమ్మా?" అని నవ్వారు.

"వాళ్ళకి పంతుళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు సార్" అంది మంజీర. "పొద్దున లేస్తే అమ్మ అను, అత్త అను, ఆవు అను అని వెంటపడేవాళ్ళే. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్ళే ఒక్కరూ లేరు."

శేషగిరిగారు కళ్ళజోడు కిందికి దించుకుని సరేనన్నారు.

జిబ్బి నీలం రంగులో ఉంటుంది. సగం ఉడికిన కోడిగుడ్డులా ఒక ఆకారమంటూ నిలవదు. రెండు పెద్ద కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎదుటి పిల్ల ముఖంలోకే చూస్తుంటాయి. పిల్ల మెడకు మెత్తటి గుడ్డపట్టీ కడతారు. గొంతులో పుట్టే చిన్న కదలికను, ఊపిరిని అది పట్టుకుంటుంది. చేతులనూ కళ్ళనూ భుజాలనూ టాబ్లెట్‌లో ఉన్న కెమెరా చూస్తుంది. ఇక జిబ్బి చేసే పనల్లా చిక్కుల్లో పడటమే. గోడెక్కి దిగలేకపోతుంది, బావి అంచున జారుతుంది, పిల్లి తరుముకొస్తుంటే ఎటు పోవాలో తెలియక గుండ్రంగా తిరుగుతుంది. పిల్ల ఎలాగో ఒకలా దారి చెప్పాలి. ఎలా చెప్పినా ఫరవాలేదు. జిబ్బి తప్పుగా అర్థం చేసుకుని ధబ్బున పడుతుంది, లేస్తుంది, మళ్ళీ కళ్ళు పెద్దవి చేసి చూస్తుంది. ఎన్నిసార్లు పడినా విసుక్కోదు. మూడోసారికో నాలుగోసారికో అర్థమవుతుంది. అంతే, ఆ శబ్దమో ఆ సైగో అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్యా ఒక మాట.

మొదటి రోజు వచ్చిన పిల్లల్లో లోవ ఒకతె. ఆరేళ్ళది. చెవులు బాగా వినిపిస్తాయి, చెప్పిందల్లా అర్థమవుతుంది. కానీ పెదవులూ నాలుకా ఏ క్షణంలో ఎలా కదలాలో మెదడు పంపే కబురు దారిలోనే చిక్కుపడిపోతుంది. పుట్టుకతో వచ్చిన లోపం. ఆమె తల్లి నూకరత్నం జాలరిపేట మనిషి. మొగుడు పారాదీప్ వైపు మరబోట్ల మీద పనిచేస్తాడు, నెలకోసారి వస్తాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని కాలనీలన్నీ తిరిగి చేపలు అమ్ముతుంది. వీధిలో నిలబడి "వంజరం, సందువా" అని ఆమె కేకేస్తే ఆ కేక నాలుగో అంతస్తుకి లిఫ్టు అక్కర్లేకుండా చేరుతుంది.

ఆ రోజు జిబ్బి కుండ అంచు మీద నిలబడి ఉంది. లోవ దాన్ని అనుమానంగా చూసి, భయపడుతూనే, "ఫూ" అని ఊదింది. జిబ్బి దాన్ని గాలి అనుకుంది. గాల్లోకి ఎగిరి, కుండలో పడి, నీళ్ళు కక్కుకుంటూ లేచింది. లోవ కిలకిలా నవ్వింది. ఈసారి కుడిభుజం ఎగరేసి ఊదింది. జిబ్బి కుడివైపు ఎగిరి ఇసుకలో పడింది.

వెనక నిలబడి చూస్తున్న నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటి డాట్టరమ్మా, ఈ బొమ్మకేటీ రాదేటి? నా గుంటకంటే ఎర్రిదిలాగుందే!"

"అవును రత్నమ్మా. లోవే దానికి నేర్పాలి."

"నా గుంట నేర్పీదే!" అంది నూకరత్నం. నమ్మకం కుదరలేదు గానీ ఆ మాట ఆమెకు ఎంతో నచ్చింది. ఇంటికి పోయేదాకా దారిలో కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

మూడు జిల్లాల్లో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకు టాబ్లెట్లు ఇచ్చారు. ఒక్కొక్క మాటా ఒక్కొక్క పిల్ల మొదటినుంచి నేర్పాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని మంజీర ఒక ఏర్పాటు చేసింది. ఒక ఇంట్లో జిబ్బి నేర్చుకున్నది సాయంత్రానికి కేంద్రంలోని యంత్రానికి చేరుతుంది. మర్నాడు మిగతా జిబ్బిలన్నీ దాన్ని తమ తమ పిల్లల దగ్గర వాడి చూస్తాయి. నచ్చితే పిల్లలు ఉంచుకుంటారు, నచ్చకపోతే మార్చేస్తారు. శ్రమ తగ్గించడానికి చేసిన ఏర్పాటే తప్ప, అంతకు మించి ఆమె ఏమీ ఊహించలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. ఒక మంగళవారం పరీక్షల కోసం కొందరు పిల్లలు కేంద్రానికి వచ్చారు. టాబ్లెట్లన్నీ మంజీర గదిలో చార్జింగుకి పెట్టి ఉన్నాయి. ఆమె టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి లోవ ఒక చక్రాల కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. కుర్చీలో పాలకొండ నుంచి వచ్చిన దమయంతి. ఎనిమిదేళ్ళ పిల్ల, చేతులు నిలకడగా ఉండవు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదటిసారి.

లోవ గొంతులోనే "ఊఁ" అని చిన్నగా గునిసి రెండుసార్లు ఊదింది. దమయంతి పొడుగ్గా గునిసి, కనుబొమలెత్తి, ఆపి, మళ్ళీ గునిసింది. లోవ ముందుకు వంగి నవ్వింది. అంతలో వరండా చివర్నుంచి శేషగిరిగారు వస్తూ కనిపించారు. మోకాళ్ళ నొప్పితో ఆయన ఒకపక్కకి ఒరిగి నడుస్తారు. దమయంతి ఏదో అంది. లోవ ఇంకేదో కలిపింది. ఇద్దరూ ఆయన దాటిపోయేదాకా బిగబట్టుకుని, దాటగానే పకపకా నవ్వారు.

ఆ నవ్వు మంజీరకు తెలుసు. బడి గోడ పక్కన మాస్టారి మీద గుసగుసలాడుకునే ఆడపిల్లలందరూ నవ్వే నవ్వు అది. ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

తరువాత పదిహేను రోజులు ఆమె వేరే పని ముట్టుకోలేదు. జిబ్బిలు నేర్చుకున్నదంతా ముందేసుకుని కూర్చుంది. నాలుగు వందల పైచిలుకు మాటలు తేలాయి. పొడుగ్గా గునిస్తే జరిగిపోయిన పని, పొట్టిగా గునిస్తే ఇంకా జరగాల్సిన పని. పిల్లి పడవను తోసిందనడానికీ, పడవ పిల్లిని తోసిందనడానికీ వరస వేరు. చేతులు ఆడని పిల్లలు అదే మాటను కళ్ళతో అంటారు, మిగతావాళ్ళకు అర్థమవుతుంది. ఇదేదీ ఆమె రాసి పెట్టింది కాదు, జిబ్బి కనిపెట్టిందీ కాదు. ముఖాలు చూసుకోకుండానే ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు బొమ్మను మధ్యన పెట్టుకుని ఒక భాష అల్లుకున్నారు.

అందులో ఒక మాట దగ్గర ఆమె ఆగిపోయింది. రెండు వేళ్ళతో గుండెల మీద రెండుసార్లు తట్టి నెమ్మదిగా ఊపిరి వదలడం. ఏ ఆటలోనూ దాని అవసరం లేదు. జిబ్బి తప్పుగా అర్థం చేసుకున్నప్పుడల్లా పిల్లలు అలా చేస్తున్నారు. నీకు అర్థం కాలేదు, ఫరవాలేదు, నాకు కోపం లేదు, మళ్ళీ చెప్తాను. ఇంత అర్థం ఆ ఒక్క సైగలో ఉంది. తెలుగులో ఇందుకు ఒక్క మాటేదైనా ఉందా అని మంజీర చాలాసేపు వెతుక్కుంది. దొరకలేదు.

శేషగిరిగారు అంతా విని కుర్చీలో వెనక్కి వాలారు.

"నా ఉద్యోగంలో ఇటువంటిది చూస్తాననుకోలేదు మంజీరా" అన్నారు. ఆ తరువాత ముఖం కాస్త వాడింది. "కానీ భయంగానూ ఉంది. ముప్ఫై ఎనిమిది మందికి తెలిసిన భాషతో వీళ్ళు ఎక్కడికి పోతారు? బస్సులో కండక్టరుకి ఏం చెబుతారు? కడుపులో నొప్పి వస్తే డాక్టరుకి ఏం చెబుతారు? మనం తలుపు తీశామనుకుంటున్నాం. తీసింది వీధి తలుపో, లోపలి గది తలుపో చూసుకోవాలి కదమ్మా."



ఆ వారంలోనే నూకరత్నం గంప లేకుండా వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా గుంట ఇదివరకు ఆకలేత్తే నా కొంగట్టుకు లాగీది. నిద్దరొత్తే నా సెయ్యి తీసుకుని దాని కళ్ళమీదెట్టుకునీది. నాకు తెల్సిపోయీది. ఇప్పుడవన్నీ ఒగ్గీసింది డాట్టరమ్మా. పొద్దత్తమానం మీ బొమ్మతోటి ఊ అంటాది, ఫూ అంటాది, నవ్వుతాది, ఏటేటో సెప్తాది. నాకేసి తిరిగి అలాగే సెప్తాది. నాకు తెలీదు. తెల్లమొగమేసుకుని కూకుంటాను." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అది మూగదయినప్పుడు నాదే. మాటలొచ్చినాక నాది కాకుండా పోనాది."

మంజీర ఆమె చేతులు పట్టుకుంది.

రెండో మెట్టు అని పేరుపెట్టిన మార్పు ఒకటి ముందునుంచీ సిద్ధంగా ఉంది. అందులో జిబ్బి పిల్లల సైగలను పక్కనపెట్టి తెలుగుకే పలుకుతుంది. పిల్లలు తెర మీది అన్నం బొమ్మనో నీళ్ళ బొమ్మనో తాకితే టాబ్లెట్ ఆ మాటను తెలుగులో చెబుతుంది. ఎప్పటికైనా ఆ మెట్టు ఎక్కించాలనే శేషగిరిగారి అభిప్రాయం. నూకరత్నం కన్నీళ్ళు చూశాక మంజీరకూ అదే సబబనిపించింది. ముందు ఒక్క లోవ టాబ్లెట్‌లో మూడు రోజులు చూద్దామనుకున్నారు. నూకరత్నం సంతోషంగా సంతకం పెట్టింది. గురువారం పొద్దున్న మంజీర ఆ మార్పు చేసి ఇచ్చింది.

శుక్రవారం తొమ్మిదింటికి మొదటి ఫోను పాలకొండ నుంచి వచ్చింది. దమయంతి తండ్రి.

"మేడమ్, మా పాప టాబ్లెట్ పాడైనట్టుందండి. బొమ్మ కదులుతోంది గానీ పాప చెప్పింది ఒక్కటీ వినటం లేదు. పాపది ఒకటే ఏడుపు."

అతని ఫోను పెట్టేలోగా చీపురుపల్లి నుంచి ఇంకొకటి. తరువాత టెక్కలి. తరువాత భీమిలి. నాలుగో ఫోనుకి మంజీరకు సంగతి తెలిసింది. ఒక జిబ్బి నేర్చుకున్నది సాయంత్రానికి అన్ని జిబ్బిలకూ చేరుతుంది. లోవ ఇంట్లో జిబ్బి నిన్న నేర్చుకున్నదేమిటి? పిల్లల భాష మరిచిపోవడం. ఆ దారి మూయాలన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

పాతది మళ్ళీ పెట్టేద్దామంటే పాతది లేదు. పిల్లల గొంతులూ ముఖాలూ ఎవరి చేతుల్లోనూ పడకూడదని, మెట్టు మారిన రోజున వెనకటి జ్ఞాపకమంతా నకలు లేకుండా చెరిపేస్తామని తల్లిదండ్రులకు రాసిచ్చిన కాగితంలో ఉంది. ఆ వాక్యం మంజీరే రాసింది. నాలుగుసార్లు దిద్ది మరీ రాసింది. ఆమె తేల్చుకున్న మాటల పట్టికా ఆ యంత్రంలోనే ఉండేది. యంత్రం మాట తప్పలేదు.

శేషగిరిగారు ఆమెను ఒక్క మాటా అనలేదు. "మెల్లగా మరిపించాలనుకున్నాం. ఒక్కసారే మరిచిపోయింది. నేనూ సరేనన్నవాణ్ణే" అన్నారు.

"మరిచిపోయింది జిబ్బి సార్" అంది మంజీర. "పిల్లలు కాదు."

మధ్యాహ్నం ఆమె జాలరిపేట వెళ్ళింది. సందు పొడుగునా నీలం వలలు ఆరేసి ఉన్నాయి. నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ రోజు రేవుకి వెళ్ళలేదు. లోపల లోవ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. టాబ్లెట్‌ను బోర్లా తిప్పి గోడకి దూరంగా తోసేసింది. పక్కన కంచంలో అన్నం అలాగే ఉంది.

"నిన్న బొమ్మ ముందు కూకుని ఊదింది, గునిసింది, సేతులు తిప్పింది" అంది నూకరత్నం నెమ్మదిగా. "ఆ బొమ్మ మాయదారి కళ్ళేసుకుని సూత్తాదే గానీ కదల్దు. ఇది మళ్ళీ సెప్తాది. మద్దెలో ఇలాగ సేత్తాది సూడండి." ఆమె రెండు వేళ్ళు గుండెల మీద పెట్టి రెండుసార్లు తట్టింది. "ఇలాగ ఎన్నిసార్లో. పొద్దుగూకీదాకా సేసి, ఆఖరికి ఆపీసింది. అప్పట్నుంచీ ఊపిరి సప్పుడు తప్ప ఏటీ లేదు. ఏటండీ అది? ఏటి దానర్థం?"

మంజీర చెప్పింది.

 నూకరత్నం వేళ్ళు ఇంకా గుండెల మీదే ఉన్నాయి.

"నాకూ అదే సెప్పీదండీ" అంది. "అన్నాల కాడ, నీళ్ళోసీటప్పుడు, జడేసీటప్పుడు. రోజుకి నలభైసార్లు. నానేటో సెమటకాయలనుకున్నాను. దురదెడతందేమోనని పౌడరు రాసినానండీ, డాట్టరమ్మా. ఆర్నెల్లు పౌడరు రాసినాను."

ఆమె లేచి లోపలికి పోయింది. చాప మీద కూతురి వెనక కూర్చుని, "లోవా" అంది. పిల్ల కదల్లేదు. నూకరత్నం కూతురి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఏమీ మాట్లాడకుండా, రెండు వేళ్ళతో తన గుండెల మీద రెండుసార్లు తట్టి, ఊపిరి వదిలింది.

లోవ కళ్ళు విప్పి చూసింది. లేచి కూర్చుంది. తల్లి వేళ్ళను పట్టుకుని, అవి సరైన చోట లేవన్నట్టు కాస్త పైకి జరిపింది.

"ఇలాగా?" అంది నూకరత్నం. మళ్ళీ తట్టింది. "సెప్పే. మళ్ళీ సెప్పు. నాకు తెలీపోతే మళ్ళీ సెప్పు. నానెక్కడికీ ఎల్నులే."

లోవ కంచంలోని అన్నం చూపించి పొట్టిగా గునిసి ఒకసారి ఊదింది. నూకరత్నం గునిసి ఊదింది. లోవ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ. మళ్ళీ అడ్డంగా. ఏడోసారికి లోవ తల నిలువుగా ఊపి, తల్లి చేతిలోంచి ముద్ద తిన్నది. వాళ్ళిద్దరికీ తాను అక్కడ ఉన్నట్టే గుర్తులేదని మంజీర గ్రహించింది. గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకుని, చప్పుడు చేయకుండా వచ్చేసింది.

ఆ పై ఆదివారం అన్ని కుటుంబాలనూ కేంద్రానికి పిలిచింది. ముప్ఫై ఒక్క కుటుంబాలు వచ్చాయి. పెద్దహాల్లో పిల్లలను మధ్యన జంపఖానాల మీద కూర్చోబెట్టారు. చాలామంది టాబ్లెట్లు ఒళ్ళో పెట్టుకునే వచ్చారు, ఒంట్లో బాగాలేని మనిషిని డాక్టరు దగ్గరికి తెచ్చినట్టు. ఎవరూ చప్పుడు చేయడం లేదు.

మంజీర గోడవారగా నిలబడ్డ తల్లిదండ్రుల ముందుకు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు తనదేనంది.

దమయంతి తండ్రి సౌమ్యుడు. ఆయనే అందరికంటే ముందు మాట్లాడాడు. "మీరే ఒక స్నేహితుణ్ణి ఇచ్చారు, మీరే తీసుకుపోయారు. మా పాప మూడు రోజులు నా ముఖం చూడలేదు మేడమ్. నేనేదో చేశాననుకుంది."

"క్షమించమని అడగటానికి కూడా నాకు ముఖం లేదండీ" అంది మంజీర. "కానీ ఒక్కటి. ఆ భాష ఇప్పుడు ఏ యంత్రంలోనూ లేదు. తెలిసినవాళ్ళు ఈ పిల్లలు మాత్రమే. వాళ్ళు ఆపేస్తే అది లేనట్టే."

అంతలో హాలు మధ్యలోంచి పొడుగ్గా ఒక గునుపు వినిపించింది. దమయంతి. లోవను చూసి పిలిచింది. లోవ ఊది జవాబిచ్చింది. పక్కనున్న పిల్లవాడు తలెత్తి చూశాడు. తనకు తెలిసిన మాట ఇంకొకరి నోట్లోంచి రావడం వాడెప్పుడూ వినలేదు. వాడి నోరు తెరుచుకుంది. వాడూ గునిశాడు. అటు చివర్నుంచి ఒకతె చప్పట్లు కొట్టి ఏదో అడిగింది. నలుగురు ఒకేసారి జవాబిచ్చారు. అరగంటకి ఆ హాలు పొద్దున్నే బోట్లు ఒడ్డుకు చేరిన రేవులా ఉంది. టాబ్లెట్లు జంపఖానాల కింద ఎక్కడో పడి ఉన్నాయి. గోడవారగా ఉన్న తల్లులూ తండ్రులూ అలాగే నిలబడిపోయారు. తమ పిల్లలు సందడిగా ఉండగా వాళ్ళెప్పుడూ చూడలేదు.

నూకరత్నం చీర కుచ్చిళ్ళు దోపుకుని పిల్లల మధ్యకి పోయి చతికిలబడింది.

"నాకు అన్నం ఒచ్చు" అంది అందరికీ వినిపించేలా. "నీళ్ళు ఒచ్చు. మళ్ళీ సెప్పు ఒచ్చు. ఇంకేటుందో నేర్పండర్రా."

ఒక్కొక్కరుగా పెద్దవాళ్ళంతా నేల మీదకి దిగారు. చివర్న శేషగిరిగారు మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో, అబ్బా అంటూ కూలబడ్డారు. ఒక పిల్ల ఆయనకు పడవ నేర్పింది, తినడం నేర్పింది. ఆయన ఎంతో శ్రద్ధగా గునిసి ఊదారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది.

"ఏమన్నానమ్మా?" అని మంజీరను అడిగారు.

"ఇప్పుడే పడవని తిన్నానన్నారు సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కండక్టరు సంగతీ డాక్టరు సంగతీ ఆయన మరిచిపోలేదు. ఆ వారమే కాగితం తీసుకుని కొత్త ప్రణాళిక రాశారు. ముందు ఇంట్లోవాళ్ళు పిల్లల భాష నేర్చుకోవాలి. అటుపైన ఆ భాషలోనే పిల్లలకు తెలుగు చెప్పాలి. మొదటి ప్రయోగం విఫలమైందని నివేదికలో నిజాయితీగా రాసి కింద సంతకం పెట్టారు. మంజీర తన సంతకం ఆయన సంతకానికి పైన పెట్టింది.

అన్నీ చక్కబడలేదు. రాని ఏడు కుటుంబాల్లో రెండు టాబ్లెట్లు తిరిగి పంపించేశాయి. టెక్కలిలో ఒక పిల్లవాడు ఆ శుక్రవారం తరువాత చాలాకాలం గొంతు విప్పలేదు. మంజీర నెలకు రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి వాడి పక్కన కూర్చుని, తనకు వచ్చిన నాలుగు మాటలూ తప్పులతో అని వచ్చేది. ఐదో నెలలో వాడు ఆమె తప్పు ఒకటి దిద్దాడు. జిబ్బిని మళ్ళీ ఏమీ తెలియని బొమ్మగా పంపించారు. కొందరు పిల్లలు దానికి మొదటినుంచి నేర్పారు. లోవ మాత్రం ఒకసారి తెరిచి, ఆ కళ్ళలోకి కాసేపు చూసి, మూసేసింది. ఇది ఆ జిబ్బి కాదని తల్లికి చెప్పింది. ఆ మాట నూకరత్నమే మంజీరకు చెప్పింది.

ఏడాది తిరిగింది. ఒక ఆదివారం పొద్దున్న మంజీర ఉండే వీధిలో నూకరత్నం కేక వినిపించింది. ఆమె గిన్నె పట్టుకుని కిందికి వచ్చేసరికి గంప చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. లోవ బడికి సెలవు కాబట్టి తల్లితో వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని, తాడుతో కట్టిన పెద్ద పీతను దాచుకుని నిలబడింది. ఎదురింటావిడ ఆ పీతే కావాలంటోంది.

నూకరత్నం చెయ్యి చాపి కూతురికేసి గునిసింది. లోవ ఒకసారి ఊది వెనక్కి జరిగింది. నూకరత్నం గట్టిగా గునిసి వేలు ఆడించింది. లోవ భుజాలెగరేసి, పొడుగ్గానూ పొట్టిగానూ కలిపి చాలాసేపు ఏదో వాదించింది. నూకరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని అంతకంటే చాలాసేపు జవాబు చెప్పింది. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు చేపల సంగతి మరిచిపోయి ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూస్తున్నారు. మంజీరకు సగమే అందింది.

"ఏమంటోంది రత్నమ్మా?"

"సూడండి డాట్టరమ్మా!" అని ఆమె వీధంతా వినిపించేలా మొదలుపెట్టింది. "ఈ పీత ఈ వీధిలో దిగదంట. పక్క వీధిలో దిగుతాదంట. బస్సెక్కి ఒచ్చినట్టు! ఎవుత్తె సెప్పిందే అంటే, పీతే సెప్పిందంట దీంతోటి. ముందర వీధిలోనూ ఇదే మాట. అంతకుముందు వీధిలోనూ ఇదే మాట. పొద్దుట్నుంచీ నాలుగు వీధులయినాయి, ఆ పీత దిగదు!" ఆమె కూతురికేసి తిరిగి కళ్ళెర్రజేసింది. మళ్ళీ మంజీరవైపు తిరిగేసరికి ఆ ముఖంలో కోపమెక్కడా లేదు, చెంపలు మెరిసిపోతున్నాయి. "అబద్దాలు కూడా ఆడీత్తందండీ నా గుంట! ఒకదాని మీదొకటి, తడుంకోకుండా ఆడీత్తంది!"

ఎదురింటావిడ నవ్వి, వంజరం ముక్కలు చాలన్నది. నూకరత్నం తూచి ఇచ్చి గంప నెత్తికెత్తుకుంది. లోవ పీతను ముందుకు తెచ్చి రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుంది. మంజీరకేసి తిరిగి ఒకటి చెప్పింది. ఈసారి మంజీరకు పూర్తిగా అర్థమైంది. పీత ఆమెకు వెళ్ళొస్తానని చెప్పమందట.

తల్లీకూతుళ్ళిద్దరూ వీధి చివరిదాకా పోట్లాడుకుంటూనే వెళ్ళారు.